తుపాను తరిమిన కుటుంబానికి ఊళ్ళో చోటు: శివారు కాలనీయా, అద్దె గదా, సగం కట్టిన మేడా?

శ్రీకాకుళంలో ఏ వీధిలో నిలబడి తలెత్తినా ఇనుప చువ్వలు కనిపిస్తాయి. కింద ఇంటికి గృహప్రవేశమై పదేళ్ళు దాటి ఉంటుంది. పైన స్లాబు మీద మాత్రం పిల్లర్ల చువ్వలు అలాగే నిలబడి ఉంటాయి. తుప్పు పట్టకుండా కొన్నింటికి సిమెంటు పాలు పూస్తారు, కొన్నింటి మీద ఖాళీ వాటర్ బాటిళ్ళు బోర్లిస్తారు. "పిల్లాడి పెళ్ళినాటికి పైన వేద్దాం" అనుకుని ఆగిపోయిన మేడలవి. విజయనగరంలోనూ ఇదే పరిస్థితి. ఆ మేడల కింద నుంచే, అద్దె గది కోసం గుమ్మం గుమ్మం అడుగుతూ కుటుంబాలు నడిచిపోతుంటాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఆ తర్వాత కొన్ని నెలలకు వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఒక కుటుంబం మా వీధి చివర గదిలోకి దిగింది. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఆయన తండ్రి. ఎన్నాళ్ళుంటారని ఇంటి యజమాని అడిగితే ఆ ముసలాయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. "మొక్కలేసాం బావూ. కాపుకొస్తే ఎల్పోతాం."

నాటు కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. సాయం చేసేవాళ్ళు మాత్రం వారాల్లో లెక్క వేస్తారు, మహా అయితే నెలల్లో. ఈ రెండు లెక్కల మధ్య మిగిలిపోయిన ఏళ్ళలో ఆ కుటుంబం ఎక్కడ ఉండాలన్నదే అసలు సమస్య. వార్డులో పదిమందికి మాట చెప్పగలిగినవాళ్ళు, వార్డు సచివాలయంలో పనిచేసేవాళ్ళు, తుపాను వచ్చినప్పుడు చందాలు పోగుచేసే సంఘాలవాళ్ళు, ఊరు విడిచి రావాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న కుటుంబాలు, వీళ్ళందరి కోసం ఇది రాస్తున్నాను. డబ్బు కొంచెమే ఉన్నప్పుడు ఏ దారి మీద పెట్టాలో చూద్దాం.

ఇది మన ఒక్కరి కష్టమూ కాదు, ఒక్కసారితో తీరేదీ కాదు. 2024 చివరినాటికి ప్రపంచంలో 8 కోట్ల 34 లక్షల మంది సొంత దేశంలోనే ఇల్లు విడిచి బతుకుతున్నారు. అందులో 7 కోట్ల 35 లక్షల మందిని తరిమింది యుద్ధాలు, హింస. సుమారు 98 లక్షల మందిని తరిమింది తుపాన్లు, వరదలు, కరవులు. వీళ్ళలో ఎక్కువమంది ఉండేది గుడారాల్లో కాదు, మనలాంటి ఊళ్ళలో. ఇక మన సంగతి చూస్తే, శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్. ఏడేళ్ళలో మూడు. 2011 జనగణనలో శ్రీకాకుళం పట్టణ జనాభా లక్షా పాతిక వేల పైచిలుకే. ఇంత చిన్న ఊరికి ఒకేసారి వెయ్యి కుటుంబాలు వస్తే అద్దెలు, కుళాయిలు, బడిలో సీట్లు, అన్నీ కదిలిపోతాయి.

యుద్ధం వల్ల వలస రావడం మనకు తెలియనిది కాదు. ఇక్కడి ముసలివాళ్ళ మాటల్లో "రంగం" అంటే రంగూన్. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు అక్కడికి బతకడానికి వెళ్ళిన మనవాళ్ళు అడవులూ కొండలూ పట్టుకుని కాలినడకన బయల్దేరారు. దారిలో ఎందరో పోయారు. 1962లో నె విన్ సైనిక పాలన వచ్చి వ్యాపారాలు జాతీయం చేశాక మళ్ళీ ఓడలెక్కి వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేటకు ఆ పేరు అలా మిగిలింది. క్యాంపు అంటే నాలుగు రోజుల మాట. ఇప్పటికి మనవలు, మునిమనవలు అక్కడే పుట్టి పెరిగారు. మణిపూర్‌లో 2023 మేలో గొడవలు మొదలై 60 వేల మందికి పైగా ఇళ్ళు వదిలారు. రెండేళ్ళ తర్వాత కూడా వేలమంది సహాయ శిబిరాల్లోనే ఉన్నారు. అందుకే, ఎక్కడ చోటు చూపించినా అక్కడే ఉండిపోతారనుకుని చూపించాలి. "తాత్కాలికమే కదా" అని గెడ్డ ఒడ్డున పాకలు వేయించడం తప్పు.

ముందు మూడు ప్రశ్నలు

ఏ దారి ఎంచుకున్నా నేను మూడే అడుగుతాను. పనికి వెళ్ళడానికి ఎంత దూరం? వానాకాలంలో అక్కడికి నీళ్ళెక్కుతాయా? ఆ చోటులో ఉన్నందుకు వాళ్ళ చేతిలో ఏ కాగితం ఉంది? ఇంటి వైశాల్యం, గోడ రంగు, ప్రారంభోత్సవం ఇవన్నీ తర్వాత.

మొదటిదాన్ని జనం తేలిగ్గా తీసుకుంటారు, నా దృష్టిలో అదే పెద్దది. మా వీధిలోకి వచ్చిన ఆవిడ పాత బస్టాండు దగ్గర టిఫిన్ బండిలో పిండి పనికి కుదిరింది. పొద్దున్న నాలుగున్నరకల్లా అక్కడ ఉండాలి. తర్వాత ఎవరో ఊరికి ఏడు కిలోమీటర్ల అవతల ఒక కాలనీలో గది ఇప్పిస్తామన్నారు, అద్దె లేదు. వెళ్ళి చూసొచ్చింది. ఆ కాలనీ నుంచి ఆరు దాటితేగాని ఆటో కదలదు. ఆవిడ చీర చెంగుకు రెండు ముళ్ళు ఉండేవి, ఒకటి బియ్యం, కూరల డబ్బుకు, ఒకటి అద్దెకు. ఆటోకని మూడో ముడి వేయడానికి చెంగులో చోటుందిగాని చేతిలో డబ్బు లేదని చెప్పింది. నేనూ లెక్క వేసి చూశాను. ఇద్దరు పనికెళ్తే, మనిషికి రానూపోనూ నలభై చొప్పున రోజుకు ఎనభై. నెలకు పాతిక రోజులు పని దొరికితే రెండు వేలు. ఉచితంగా వచ్చిన గదికి ఆటో రూపంలో రెండు వేలు అద్దె కడుతున్నట్టే. ఆవిడ వద్దంది. ఆ వద్దనడాన్ని కొందరు తప్పు పట్టారు, నాకైతే ఆవిడ లెక్కే సరైనదనిపించింది.

బడి, తుపాను షెల్టరు

వీటి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. గాలి తగ్గేదాకా ప్రాణం కాపాడతాయి, అందుకు వీటిని మించినవి లేవు. వారం దాటితే మాత్రం పిల్లల చదువు ఆగిపోతుంది, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి నరకమవుతుంది. పదో రోజుకల్లా తర్వాత ఎక్కడికో తేలిపోవాలి.

శివారు కాలనీ

అధికారులకు, దాతలకు మొదట తోచేది ఇదే. ఒకచోట భూమి, వరుసగా ఇళ్ళు, ఒక బోర్డు. లెక్క చూపించడం సులువు. పట్టా చేతికొస్తుంది కనుక కుటుంబానికీ ఒక ధైర్యం. ఆ ధైర్యాన్ని నేను తక్కువ చేయను. సెంటు అంటే 48 గజాలే అయినా, తన పేరున ఉన్న 48 గజాలు వేరు.

అయితే పక్క రాష్ట్రం అనుభవం చూడండి. ఒడిశా కేంద్రపడా జిల్లాలో సాతభాయా అనే ఊళ్ళను సముద్రం తినేస్తే, 571 కుటుంబాలను అక్కడి ప్రభుత్వం బగపాటియాకు తరలించింది. ఇంటి స్థలం ఇచ్చారు, ఇంటికి డబ్బు ఇచ్చారు, రోడ్డు, కరెంటు వచ్చాయి. దేశంలో ఇలాంటి పని చేసినవాళ్ళలో ముందు వరుసలో ఉన్నారు, మెచ్చుకోవాలి. కానీ సాగు భూమి రాలేదు, దగ్గర్లో పని లేదు. మగవాళ్ళు కేరళకూ ఇతర రాష్ట్రాలకూ కూలికి వెళ్ళిపోతున్నారు. సముద్రం నుంచి తప్పించుకున్న కుటుంబం పని దొరక్క మళ్ళీ చీలిపోయింది. బంగ్లాదేశ్‌లో కాక్స్ బజార్ దగ్గర ఖురుష్‌కుల్‌లో అయిదంతస్తుల భవనాలు కట్టి 2020 జులైలో మొదటి విడతగా 600 కుటుంబాలకు ఇచ్చారు. 1991 తుపాను తర్వాత కుతుబ్దియా దీవి వైపు నుంచి వచ్చి తీరం పక్కన గుడిసెలు వేసుకున్నవాళ్ళు వాళ్ళలో చాలామంది. చేపలు ఎండబెట్టి బతికేవాళ్ళకు నాలుగో అంతస్తులో గది ఇస్తే తుపానుకు భయం లేదు, నిజమే. వలలు ఎక్కడ పెట్టాలి, చేపలు ఎక్కడ ఆరబోయాలి?

పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించిన మన టిడ్కో ఇళ్ళ దగ్గర కూడా ఇదే ఆలోచించాలి. 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు, గోడలన్నీ కాంక్రీటే. ఉద్యోగానికో దుకాణానికో వెళ్ళే కుటుంబానికి బాగానే ఉంటాయి. మేకలు, వలలు, జీడిపిక్కల బస్తాలు ఉన్న కుటుంబానికి సరిపోవు.

కాలనీ సరైన జవాబయ్యే సందర్భం ఒకటుంది. నేలే పోయినప్పుడు. సముద్రం కోసేసిన ఊరికి తిరిగి వెళ్ళడమనే మాటే లేదు. అప్పుడు ఊరంతా కలిసి, ఇరుగుపొరుగు చెదరకుండా, పాత రేవుకు నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, మెరక మీద కాలనీ కావాలి. చెరువు గర్భంలో ఇచ్చిన పట్టా మాత్రం ఎవరిచ్చినా తీసుకోకండి. చెరువుకు తన చోటు గుర్తుంటుంది, పెద్ద వాన పడగానే తిరిగి వస్తుంది.

అద్దె సాయం

అన్నిటికంటే త్వరగా అందేది ఇదే. డబ్బు చేతికొచ్చిన రెండో రోజుకు గదిలో ఉండొచ్చు. పనికి దగ్గరగా గది వెతుక్కునే స్వేచ్ఛ కుటుంబానికే ఉంటుంది. గొడవల వల్ల పారిపోయి వచ్చినవాళ్ళకు ఇంకో మేలుంది. వాళ్ళందరినీ ఒకే కాలనీలో కుదిస్తే ఊరంతా వేలెత్తి చూపుతుంది. పది వీధుల్లో పది గదుల్లో ఉంటే పొరుగువాళ్ళలో కలిసిపోతారు.

చిక్కులూ ఉన్నాయి. అడ్వాన్సు అడుగుతారు. ఎంతమందని అడుగుతారు, కులం అడుగుతారు, ఎండుచేపల వాసనంటారు. ఒకే నెలలో వందమందికి అద్దె డబ్బులిస్తే ఆ పేటలో అద్దెలు పెరిగి, అప్పటికే అక్కడ ఉంటున్న పేదవాళ్ళ నెత్తిన పడుతుంది. అప్పుడు వాళ్ళకు వచ్చినవాళ్ళ మీద కోపం వస్తుంది. అందుకని అద్దె సాయం ఇస్తే ఆ వీధిలో పాత అద్దెదారుల్లోనూ కొందరికి ఇవ్వాలి. డబ్బు ఆగిన నెలలో బయటికి నెట్టేస్తారన్నది మరో భయం. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు నడిచి వెళ్ళడం చూశాక కేంద్రం ఆ ఏడాది జులైలో ఖాళీ ప్రభుత్వ ఫ్లాట్లను తక్కువ అద్దెకిచ్చే పథకం తెచ్చింది. సూరత్, చండీగఢ్‌లలో అలా ఇచ్చారు కూడా. మన ఊళ్ళలో ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ ఇళ్ళకు ఇది మంచి దారి. మొదటి ఆరు నెలలకు నేను అద్దె సాయానికే ఓటు వేస్తాను. ఆరేడేళ్ళకు మాత్రం కాదు.

సగం కట్టిన మేడలు

మొదట చెప్పిన చువ్వలకు వద్దాం. సిరియా యుద్ధం వల్ల లక్షలమంది జోర్డాన్‌లోకి వచ్చారు. 2012 జులైలో తెరిచిన జాతరీ శిబిరం గురించి అందరూ విన్నారు. కానీ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది శిబిరంలో లేరు, అమ్మాన్, ఇర్బిద్‌లాంటి ఊళ్ళలో అద్దెకున్నారు. అక్కడా ఇళ్ళ మీద మన చువ్వలే, డబ్బు చాలక ఆగిన అంతస్తులే. నార్వే శరణార్థుల మండలి అనే స్వచ్ఛంద సంస్థ 2013 నుంచి ఇర్బిద్ ప్రాంతంలో ఆ యజమానులతో ఒప్పందం చేసుకుంది. మీ పై అంతస్తు పూర్తి చేసుకోవడానికి మేం డబ్బిస్తాం, బదులుగా ఒక కుటుంబాన్ని ఏడాది నుంచి రెండేళ్ళ దాకా అద్దె లేకుండా ఉండనివ్వండి అని. కుటుంబానికి ఇల్లు దొరికింది, ఊరివాడికి అంతస్తు దొరికింది, స్థానిక మేస్త్రీలకు పని దొరికింది. కొత్తగా పొలం పాడుచేయలేదు, కొత్త రోడ్డూ కొత్త పైపులూ వేయనక్కర్లేదు.

మన ఊళ్ళకు ఇంతకంటే అతికే ఏర్పాటు నాకు కనబడలేదు. మన డాబాలకు మెట్లు బయటి నుంచే ఉంటాయి, పైన ఉండేవాళ్ళు కిందవాళ్ళ ఇంట్లోంచి నడవక్కర్లేదు. పిల్లర్లు, ఇటుక గోడలు, పైకప్పు, ఒక తలుపు, రెండు కిటికీలు, మరుగుదొడ్డి, నీళ్ళ ట్యాంకు, విడి కరెంటు మీటరు. రెండు గదుల పోర్షను తయారవుతుంది. పునాది, కింది అంతస్తు, దాని స్లాబు ఖర్చు యజమాని ఎప్పుడో పెట్టేశాడు కనుక కొత్త ఇంటి ఖర్చులో కొంత భాగంతోనే పని జరుగుతుంది. వచ్చినవాళ్ళకు ఇచ్చిన డబ్బు ఊరివాళ్ళ ఇంట్లోనే ఆస్తిగా నిలబడుతుంది కనుక, "వాళ్ళకే అన్నీ ఇస్తున్నారు" అనే మాట కూడా రాదు.

జాగ్రత్తలు చెప్పకపోతే ఇది ప్రమాదం కూడా. 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో కడుతున్న భవనం కూలి 61 మంది పోయారు, అందులో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం కూలీలే. ఆ ఏడుపు విన్న జిల్లాల్లో ఎవరూ పిల్లర్ల మాట తేలిగ్గా తీసుకోకూడదు. పునాది ఎన్ని అంతస్తులకు వేశారో ఇంజనీరు చూడాలి. ఉప్పుగాలికి ఏళ్ళ తరబడి నిలబడ్డ చువ్వలను గీకి చూడాలి, పొరలు పొరలుగా రాలితే ఆ మేడను వదిలేయాలి. పై అంతస్తుకు మున్సిపాలిటీ అనుమతి ఉందో లేదో చూడాలి. పైకప్పుగా రేకులు వేసి సరిపెట్టొద్దు, తిత్లీలో రేకులు కాగితాల్లా ఎగిరాయి. స్లాబే వేయాలి. పై అంతస్తు మేలో కొలిమిలా ఉంటుంది కనుక స్లాబు మీద తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్ల రంగో వేయించాలి. తెలంగాణ 2023లో ఇలాంటి చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. కాళ్ళు పట్టేసిన ముసలివాళ్ళున్న కుటుంబానికి మేడ మీది పోర్షను ఇవ్వకండి.

గడువు ముగిశాక ఏమిటన్నదే ఈ పద్ధతికి అసలు బలహీనత. రెండేళ్ళయ్యాక యజమాని మార్కెట్ అద్దె అడుగుతాడు. అందుకే గడువు తర్వాత మరో మూడేళ్ళ దాకా అద్దె ఎంత పెంచవచ్చో మొదటి కాగితంలోనే రాయించాలి. అది ఒప్పుకోని యజమానికి డబ్బు ఇవ్వక్కర్లేదు, అతని పక్కింటి మీద కూడా చువ్వలున్నాయి.

ఉన్న పేటలోనే పట్టా, కుళాయి

చాలామంది మనం చోటు చూపించేదాకా ఆగరు. చుట్టాలున్న పేటకు వచ్చి, వాళ్ళ వసారాలో సర్దుకుంటారు. ఒడిశా 2017లో మురికివాడల వాళ్ళకు భూమి హక్కు ఇచ్చే చట్టం చేసి, జగా మిషన్ పేరుతో డ్రోన్లతో పేటలను కొలిచి, ఉన్నచోటే హక్కు పత్రాలు, రోడ్లు, కుళాయిలు ఇస్తూ వచ్చింది. మనకు కూతవేటు దూరంలో జరిగిన పని ఇది. ఒకటి రెండు తరాలుగా ఉంటున్న పేటకు ఇదే మంచిదని నా నమ్మకం. కాకపోతే నాగావళి వరద ముంచే చోట, కరకట్టకు నది వైపున ఉన్న గుడిసెలకు అక్కడే పట్టా ఇవ్వడం మేలు చేసినట్టు కాదు. వాళ్ళకు అదే వార్డులో మెరక మీద చోటు చూడాలి.

అందరూ శ్రీకాకుళానికో విశాఖకో రావాలని కూడా లేదు. బంగ్లాదేశ్‌లో ఢాకా మీద భారం తగ్గించడానికి మోంగ్లా అనే రేవు పట్టణాన్ని తయారుచేశారు. వరద కట్టలు, తాగునీరు, పక్కనే ఫ్యాక్టరీల్లో పని. మన దగ్గర పలాస-కాశీబుగ్గ అలా కాగలదు. జీడి బట్టీల్లో పని ఉంది, రైలుంది, ఉద్దానం తోటలు దగ్గర. మొక్కలు వేసి వచ్చిన రైతు ఆదివారం వెళ్ళి నీళ్ళు పెట్టి రాగలడు. ఆ ముసలాయన కుటుంబానికి శ్రీకాకుళం కంటే పలాసలో గది దొరికుంటే బాగుండేదని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

ఎవరికి ఏది

తోట పోయి, భూమి మిగిలిన రైతుకు: ఆరు నెలలు అద్దె సాయం, తర్వాత తోటకు దగ్గరి పట్టణంలో సగం మేడ పోర్షను. కాలనీ వద్దు, ఎందుకంటే ఆయన తిరిగి వెళ్ళేవాడు. తీరం కోతకు ఊరే పోయిన మత్స్యకారులకు: రేవుకు దగ్గరగా ఊరంతా కలిసి కాలనీ, నేల మీద ఇళ్ళు, వలలకు షెడ్డు. అంతస్తుల ఫ్లాట్లు ఇస్తామంటే గట్టిగా అడ్డు చెప్పండి. సొంత భూమి లేని కూలీ కుటుంబానికి పనికి నడిచి వెళ్ళే దూరంలో ఏది దొరికితే అదే మంచిది.

గొడవల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకు ఇంటికంటే ముందు కాగితం కావాలి. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి ఖమ్మం అడవుల్లోకి వచ్చిన గుత్తికోయ ఆదివాసులకు కుల ధ్రువీకరణ దగ్గరా, భూమి హక్కు దగ్గరా ఇప్పటికీ చిక్కులే. కొలంబియా మాత్రం 2021లో వెనిజులా నుంచి వచ్చినవాళ్ళకు పదేళ్ళ అనుమతి పత్రం ఇచ్చింది, అది చేతిలో ఉంటే పనీ, బడీ, ఆస్పత్రీ తలుపులు తెరుస్తాయి. మన దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఈ దేశ పౌరులే కనుక దారి సులువు. రేషన్ కార్డు ఏ ఊరిదైనా ఇక్కడి డిపోలో బియ్యం ఇస్తారు. ఆ సంగతి తెలియక నెలల తరబడి బయట కొనుక్కున్న కుటుంబాలను నేను చూశాను. గదిలో దిగిన మొదటి వారంలోనే ఎవరైనా పక్కన నడిచి డిపోకు, బడికి, సచివాలయానికి తీసుకెళ్ళాలి.

సగం మేడల పని మొదలుపెట్టాలంటే వేసవే మంచి కాలం, ఎందుకంటే అక్టోబరు దగ్గరపడ్డాక మేస్త్రీలు దొరకరు, ఎవరికీ వినే ఓపికా ఉండదు. ఒక వార్డు చాలు. ఇద్దరు కుర్రాళ్ళు, ఒక సివిల్ ఇంజనీరు, నోటుబుక్కు. వీధి వీధీ తిరిగి చువ్వలున్న మేడలు రాసుకోండి, ఇంట్లోవాళ్ళతో కూర్చుని ఇష్టమేనా అని అడగండి. ఒప్పందం రాసేటప్పుడు మన అలవాటు ప్రకారం పదకొండు నెలలకు రాసేయకండి. లీజుకు రిజిస్ట్రేషన్ ఉంటేనే బలం, ఆ ఖర్చు కూడా సాయంలో కలపండి. కుటుంబం తరఫున భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయించండి. అసలు కాగితం యజమాని దగ్గర, ఒక నకలు కుటుంబం దగ్గర, ఇంకో నకలు వార్డు సంఘం దగ్గర. చదువురాని వాళ్ళయితే వాళ్ళ పిల్లల చేత, బడికెళ్ళే పిల్లలే అయినా సరే, ఆ కాగితం మొత్తం పైకి చదివించి, ఆ తర్వాతే వేలిముద్ర వేయించండి.